ఐదో అంతస్తు దాక రాని నీళ్లు

"తాతా, నువ్వు పంజేసిన బర్ దుబాయ్ బిల్డింగు మంచిగున్నదా లేదా అని సూసెతందుకు ఒక మేడం వచ్చిందన్నవు గదా. అది జెప్పరాదు? వచ్చే వారం కెళ్లి నేను గసొంటి పనికే పోతున్న."

ఫోన్ల రికార్డు వెట్టినవా? జర దగ్గరికి జరుపు. ఈ ఏసీ సప్పుడుల నా మాట ఇనవడదు.

అది కొరోన జర తగ్గిన యాడాది. మీ నాయనమ్మ నడిగితే సక్కగ జెప్తది. ఐదంతస్తుల బిల్డింగు. కింద బట్టల దుకాణాలు, టైలర్లు, మీద ఆఫీసులు. ఏసీలు, పంపులు, నీళ్ల ట్యాంకులు అన్ని నేనే సూసుకుంటుంటి. నేను కొత్తగ వచ్చిన్నాడు ఆ గల్లీల చాయ్ అర్ధ దిర్హమే ఉండె... ఏం జెప్తున్న? ఆఁ, బిల్డింగు. దాన్ని అమ్మకానికి వెట్టిండ్రు. కొనేటోళ్లు ముందుగాల హాలత్ సూసుకుంటమని ఒక ఇంజనీరమ్మను తోలిచ్చిండ్రు. శారద మేడం. మన తెలుగామెనే, కాకినాడ దిక్కు.

"బాబాయ్ గారూ, మీరు దగ్గరుండి అన్నీ చూపించాలండి" అన్నది. డాబ మీదికెళ్లి మొదలువెట్టినం. ఎండల నిలవడి ఏసీ మిషన్లు ఒక్కొక్కటి సూసింది. కరెంటు బోర్డులు తెరిపిచ్చింది, లిఫ్టు రూంల దూరింది. మిషన్లు పాతయే గని మంచిగ కాపాడుకున్నరన్నది. నాకు మస్తు సంబురమైంది, ఇంట్ల పిల్లలను సారు మెచ్చుకున్నట్టు.

ఇగ ఆఖరుకు, నిప్పంటుకుంటె ఆర్పే పంపు కాడికి వచ్చినం. బటన్ ఒత్తంగనే షురువైంది. కింద నీళ్లు జోరుగ కొట్టినయ్. ఏటేటా టెస్టు జేసేటోళ్లు గంతే సూసి పోతుండె. ఆమె పోలె. ఐదో అంతస్తుకు వోదాం, అక్కడి పైపు ఇప్పుండ్రి అన్నది. ఇప్పిన. బొట్లు బొట్లు వడ్డయ్, అంతే. కింద పంపు మోత మాకు ఇనవడుతనే ఉన్నది.

మా ముదీర్ పక్కనే ఉండె. బిల్డింగు నడిపే మేనేజరు గదా, అమ్మకం పోతదని ఆయన భయం ఆయనది. నా దిక్కు తిరిగి, "రాజన్నా, వాల్వు బంద్ జేసి పెట్టినవు గదా, మేడంకు చెప్పు" అన్నడు.

ఔనంటే పైపుల తప్పు దాగుతది, కాదంటే నా నౌకరి వోతది బిడ్డా. మీ నాయన నౌకరి కొరోనల వోయి నా రూంలనే ఉంటుండె. నువ్వేమో ఇంటికాడ కాలేజీల సదువుతుంటివి. నా వీసా కొట్టేస్తే ఇద్దరం ఇంటికే. శారద మేడం నా మొకం దిక్కు సూసుకుంట నిలవడ్డది. కింద యూసుఫ్ భాయ్ దుకాణముండె. హైదరాబాద్ ఆయన, టైలరు. పగటాల్ల బువ్వ ఇద్దరం ఒక్కకాడనే తింటుంటిమి. దినమంత ఇస్త్రీపెట్టెలు, చుట్టూ బట్టల మూటలు. అండ్ల నిప్పురవ్వ వడితే మంట మీదికెక్కుతది, మీదోళ్లకు నీళ్లందవు. అదే యాదికచ్చింది.

"వాల్వు తెరిచే ఉన్నది మేడం. నీళ్లే ఎక్కుతలెవ్వు" అన్న.

ఆమె ఉన్నదున్నట్టు రాసింది. అమ్మకం ఆగిపోయె. ముదీర్ నాతోని మాట బంద్ వెట్టిండు. ఇగ నా పని అయిపోయిందనుకున్న. గని బిల్డింగు ఓనరు ముసలమ్మ ఉండె, అరబ్బామె. డ్రైవర్ను వెంటేసుకొని తనే వచ్చింది. ఐదో అంతస్తుల నిలవడి పైపు ఇప్పిచ్చింది. ఆ బొట్లు సూసి, "ఖలాస్" అన్నది. బాగయ్యేదాక అందరు ఖాళీ జెయ్యాలన్నది. నన్ను పనిల ఉంచుమన్నది.

దుకాణపోళ్లకు మనిషి పోయి ఒక్క మాట జెప్పలె. ముదీర్ తలుపుల మీద నోటీసులు అంటవెట్టిచ్చిండు. యూసుఫ్ భాయ్ పొద్దుగాల వచ్చి అది సదువుకున్నడు. సామాను మోసెతందుకు నేను చెయ్యేస్తే, "నీ నోరు జర ఆగితే ఏమైతుండె రాజన్నా?" అన్నడు. కోపంగ గాదు, మెల్లగ అన్నడు. నేను బట్టల మూట ఎత్తి బండిల వెట్టిన.

పైపులు తీసి కోస్తే లోపట అంత తుప్పే, వేలు వట్టే సందు లేదు. కొత్తయి ఏసిండ్రు. కిరాయికి కొత్తోళ్లు వచ్చిండ్రు. యూసుఫ్ భాయ్ తిరిగి రాలె. గిరాకి అంత చెదిరిపోయె. అజ్మాన్‌ల ఎవరి దుకాణంలనో ఒక మూలకు మిషన్ ఏసుకున్నడు. నేను పోయిన ఒకపారి. టేపు దీసి నా కొలతలు తీసుకున్నడు, అంగి కుట్టిచ్చిండు. మంచిగ కుట్టిండు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలె.

ఆ బిల్డింగుల ఇప్పటిదాక నిప్పు వుట్టలె బిడ్డా. వుట్టద్దు గూడ. వుడితే ఆయనకు నా మాట సమజయ్యేది... వద్దు, అసొంటి సమజు ఎవ్వలకు వద్దు. ఆయనకు తెల్వకుంటనే ఉండని.

నువ్వు గూడ ఉన్నదే రాయి. ఎవలు జూసినా, ఎవలు బెదిరిచ్చినా ఉన్నదే రాయి. గని రాసినంక లిఫ్టెక్కి ఎల్లిపోకు. దుకాణాల పొంటి తిరుగు, ఎందుకు ఖాళీ జెయ్యాల్నో నీ నోటితోని జెప్పు, వాళ్లు తిడితే పడు. సల్లగుండు బిడ్డా. నువ్వు సూసిపోయిన ఇండ్లల్ల మనుషులు సల్లగుండాలె...