సుందరం పత్యం

కర్నూలు. ఆసుపత్రి మెట్ల మీద సుందరం, అతని భార్య రెజీనా. పైన వార్డులో అతని అన్న హెన్రీ.

“మళ్లీ చెప్పు. డాక్టరు ఏమన్నాడు?”

“ఎన్నిసార్లు చెప్పాల రెజీనా? నా లివరుకు పట్టిన కొవ్వు కరగలేదంట. అట్లాంటి ముక్క కోసి అన్నకు పెట్టేకి కాదంట. ఇంగొక నెల పత్యం చేసి రమ్మన్నాడు.”

“నెల దాకా బావ ఉంటాడా?”

“అది అడగలే.”

“అడగాల్సింది గదా.”

“అడిగితే చెప్తాడని భయమైంది.”

“ఏమేం తింటాండావని అడిగినాడా?”

“అడిగినాడు. కొర్రన్నం, జొన్నరొట్టె, ఉలవగుగ్గిళ్లు, ఆకుకూర అని చెప్పినా. మాంసం లేదు, తీపి లేదు, ఈ కాలంలో మామిడిపండు గూడా ముట్టలేదని చెప్పినా. దొంగను చూసినట్ల చూసినాడు.”

“అత్తకు ఫోన్ చేసినావా?”

“ఏమని చేసేది? అమ్మ చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పే. నా చిన్నకొడుకు పెద్దకొడుక్కి లివరు ఇస్తాండాడు అని. అందరూ చప్పట్లు కొట్టిరి. నన్ను ఒక్క మాట అడిగిందా? ఆ పొద్దు నుంచి ఊరంతా నా కంచంలోకే చూస్తాండాది. ప్రేమవిందులో పాస్టరు నా విస్తట్లో ముక్కలు తీసి పక్కన కూర్చున్న బాలస్వామికి ఏసినాడు.”

“తినెనా?”

“నా ముందరే. ఎముక గూడా మిగల్చలే.”

“పోనీలే, బాలస్వామి కడుపన్నా నిండె.”

“నవ్వొద్దు. కాదంటే అన్నను చంపినోన్ని. ఔనంటే కడుపు కోస్తారు. యాడికి పోవాల నేను?”

“ఇంటికి పోదాం పా. బస్సు దొరకదు మళ్లీ.”

“కూర్చో. పొద్దున జావలో ఏమేస్తాండావు?”

“రాగిపిండి. ఉప్పు.”

“ఇంగా?”

“మజ్జిగ.”

“ఇంగా?”

“ఏందయ్యా, పోలీసోని మాదిరి.”

“చక్కెర. పప్పులో నెయ్యి.”

“నీకెప్పుడు తెలిసే?”

“మొదటి దినమే. నాలుక లేదా నాకు?”

“మరి తాగితివే. గ్లాసులో నీళ్లు పోసి కడిగి గూడా తాగితివే.”

“తాగినా. నా పెండ్లాము నన్ను కాపాడతాండాది అనుకుంటి. నేను కాదనే పని లేదు, డాక్టరే కాదంటాడు. అమ్మకూ ఊరికీ జవాబు దొరుకుతాది. అన్న ముఖం చూసేకి మాత్రం అయితాలేదు.”

“నేను నా అంతట చెయ్యలేదది.”

“ఇంగెవరు చేపించినారు? మొగుడు పోతాడని తెలిసి నాగలత వదిన చేపిస్తాదా?”

“అక్కకు తెలీదు.”

“రెజీనా, సాగదీయొద్దు.”

“మొదటి స్కాన్ తీసిన దినం బావ నన్ను ఒక్కదాన్నే పిలిచినాడు. ‘అమ్మకు నేను ఎదురు చెప్పలేను, వాడూ చెప్పలేడు. చిన్నబిడ్డ ఉండాది వానికి. పత్యం నిలబడనీయొద్దమ్మా’ అన్నాడు.”

“అన్న అన్నాడా?”

“బైబిలు మీద చెయ్యి పెట్టించుకున్యాడు. నీకు చెప్పకూడదని. లేస్తాండావెందుకు? పైకి పోవద్దు. నేను చెప్పినానని బావకు తెలుస్తాది.”

“పైకి గాదు. ఇంటికే. రేపట్నుంచి నా జావ నేనే కాచుకుంటా.”