అర అంగుళం తేడా

హలో… ఆ, నేనే.

గొంతా? గొంతుకేం, బాగానే ఉంది.

— షాపులో కాదు.

— ఇంట్లోనూ కాదు… ఎవరు చెప్పారు? కాజాలు కుట్టే ఆవిడేనా? అనుకున్నాలే. ఆవిడ నోట్లో గుండుసూదులు ఉన్నంతసేపే ఏ రహస్యమైనా దాగేది.

ఆ… ఆసుపత్రే. అక్కా, ముందు నువ్వు కూర్చో. … రాయీ కాదు, గడ్డా కాదు. నాకే రోగమూ లేదు.

— రోగం లేకుండా ఎవరు చేరతారంటే… చర్మం ఎక్కువై చేరాను.

చర్మం. అవును, ఒంటిమీద ఉండేదే.

నవ్వకు. … నవ్వట్లేదా? మరి ఆ చప్పుడేంటి? … ఏడుస్తున్నావా! అయ్యో, ఏడవడానికేముంది ఇందులో?

విను. అరవై కిలోలు తగ్గాను కదా. కొవ్వు పోయింది, దాన్ని పట్టుకుని ఉన్న సంచీ మిగిలింది. పొట్ట ముందు, నడుము పక్కల, వీపు మీద… మిషన్ ముందు కూర్చుంటే మడత ఒళ్ళోకి జారుతుంది. ఎడమచేత్తో దాన్ని పైకి ఎత్తి, కుడిచేత్తో గుడ్డ లాగాలి. ఎండాకాలం ఆ మడత కింద చెమట పొక్కులు, మంట…

— నీకెలా కనిపిస్తుంది? వెడల్పు బెల్టు ఒకటి కుట్టుకున్నాను. అన్నీ మడిచి అందులో కూరి, పైన గౌను వేసుకుంటాను. వచ్చిన వాళ్ళంతా ‘ఎంత సన్నబడ్డావమ్మా’ అంటారు. సాయంత్రం బెల్టు విప్పితే పాత మనిషి మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంటుంది.

— ఎవరు చూడొచ్చారనా? బాగుంది! పదిహేనేళ్ళు ‘తగ్గవే, తగ్గవే’ అని నా ప్రాణం తీసింది ఎవరు? తగ్గాక ఎవరు చూడొచ్చారంటావా?

… సర్లే. నేనూ ఊరికే అన్నాను.

పదింటికి. ఇంకో అరగంట ఉంది. … ఆయన కిందున్నారు, మందుల దగ్గర. సంతకం పెట్టమంటే మీ మరిది తన పేరే రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశారు. కోసేది ఆయన్నే అనుకున్నారు అక్కడి వాళ్ళు.

ఏం కోస్తారంటే… నాలుగు రకాలున్నాయి. నీకు బట్టల భాషలో చెప్తా, నాకదే వచ్చు.

మొదటిది, వేలాడే మడత ఒక్కటే తీసేయడం. పొడుగైన గౌనుకి కింది అంచు కత్తిరించి మడిచి కుట్టినట్టు. పొక్కులు పోతాయి. నడుము దగ్గర వదులు మాత్రం వదులే.

రెండోది, ముందుభాగం అంతా. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, లోపల సాగిపోయిన కండ కూడా దగ్గరికి లాగి కుడతారు. చర్మం కిందికి దిగుతుంది కదా, బొడ్డుకి కొత్త కాజా తీస్తారు.

— నిజంగానే! బొడ్డు ఉన్నచోటే ఉంటుంది, పైనుంచి వచ్చిన చర్మానికి కన్నం చేసి బయటికి తెస్తారు. … వాంతి వస్తే చెప్పు, ఆపేస్తా.

మూడోది నిలువూ అడ్డమూ. గుండె కింద నుంచి తిన్నగా కిందికి ఒక కుట్టు, అడ్డంగా ఒకటి. పక్కల నుంచి కూడా లాగొచ్చు. కానీ బట్టలిప్పితే ముందరే పెద్ద కుట్టు కనిపిస్తుంది.

నాలుగోది చుట్టూ. బెల్టు పెట్టినట్టు ముందు, పక్కలు, వీపు… పాంటు నడుము విప్పి తిరిగి కుట్టడం అనుకో. మధ్యలో మనిషిని తిరగేస్తారట. అన్నిట్లోకీ పెద్దది ఇదే. నీరు పోవడానికి గొట్టాలు పెడతారు, కొన్నాళ్ళు నడుము వంచి నడవాలి.

— నాలుగోదే. … అరవకు, పక్క గదిలో మనుషులున్నారు.

చిన్నది సరిపోదక్కా. వీపు మీద వదులు ఉన్నప్పుడు ముందు మాత్రమే లాగి ఆపేస్తే, కుట్టు చివర రెండు పక్కలా పొంగు నిలబడుతుంది. నడుము బిగువుకి వేసే డాట్ మడత సరిగ్గా ముగించకపోతే గుడ్డ ఎలా ఉబ్బుతుందో అలా. డాక్టరమ్మ చెప్పకముందే నేనే చెప్పాను. ఆవిడ నావైపు అదోలా చూసింది.

— తొందరెక్కడ? బరువు ఆర్నెల్లు కదలకుండా ఉంటేనే చేస్తామన్నారు. ఏడాదిన్నర ఆగాను. కొత్త గుడ్డని తడిపి, ఆరేసి, కుంచించుకోనివ్వకుండా నేనెప్పుడైనా కత్తెర వేశానా?

… ఎవరికి? మీ స్కూల్లో ఒకావిడకా? ఆహా. … ఇద్దరు పిల్లలు, పొట్ట దగ్గర మాత్రమే వదులు… వీపు బాగానే ఉంటుంది… రెండోది చాలు ఆవిడకి.

— తెలుసులే, ఆ ఒకావిడ నాకు. ఆవిడ బట్టలన్నీ కుట్టేది నేనే.

(నవ్వాపుకోలేకపోతున్నా, ఉండు.)

ఆ… లేదు, భయం లేదు. అది కాదు. అక్కా, ఒక తప్పు చేశాను.

పొద్దున డాక్టరమ్మ వచ్చి నన్ను నిలబెట్టి, ఊదారంగు పెన్నుతో ఒళ్ళంతా గీతలు గీసింది. ఎక్కడ కోయాలో, ఎక్కడ కలపాలో. బాగా గీసింది, చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ వెళ్ళాక అద్దంలో చూసుకున్నాను. ఎడమవైపు గీత పైకి ఉంది. కళ్ళకి అనిపిస్తే సరిపోదు కదా… సంచీలో టేపు ఉంది.

— ఆసుపత్రికైనా తెచ్చుకుంటా, అది లేకపోతే నాకు తోచదు.

కొలిస్తే అర అంగుళం తేడా. అర అంగుళమక్కా! జన్మంతా ఉండే కుట్టు. పెన్ను ఇక్కడే ట్రేలో మర్చిపోయింది ఆవిడ. చేతులు తుడుచుకునే స్పిరిట్ సీసా గోడకే ఉంది…

ఆ. చెరిపేశాను. ఎడమది అర అంగుళం దించి గీశాను.

… హలో? ఉన్నావా?

తిట్టు, పర్లేదు. … ఎక్కడ్నించి కొలిచానంటే? నేల నుంచే. ఇంకెక్కడ్నించి కొలుస్తారు? గౌను అంచు నేల నుంచే కదా—

— అంటే?

— తుంటి ఎముక నుంచా? ఎందుకు? రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి కదా…

… లెక్కల టీచరమ్మా, అందరి తుంటీ ఒకే ఎత్తులో ఉండకపోవచ్చు, తెలుసు. నాకు చెప్తావా? నా సంగతి వేరు, నేను—

ఏంటీ? నా గౌను ఎప్పుడూ ఒకవైపు పైకి ఉంటుందా? ఎప్పట్నుంచి చూస్తున్నావు?

… ఇన్నేళ్ళా! మరి చెప్పవేం?

ఆగు. స్పీకర్లో పెట్టి మంచం మీద పెడుతున్నా. … వినిపిస్తోందా? టేపు మడమ దగ్గర తొక్కిపట్టి… కుడి తుంటి… ఇదిగో ఎముక… ముప్పై ఏడున్నర. ఎడమ…

…

ముప్పై ఎనిమిది.

ఇరవయ్యేళ్ళు కుడికాలితో పెడల్ తొక్కాను. ఒకేవైపు ఒరిగి కూర్చుని. ఊరంతటి కొలతలూ తీశాను కానీ నన్ను నేనెప్పుడు కొలుచుకున్నానక్కా? లావుగా ఉన్నన్నాళ్ళూ టేపు నా చుట్టూ తిప్పాలంటేనే భయం.

అంటే ఆవిడ గీసిందే సరి. తుంటిని చూసి గీసింది. నేలని చూసి కాదు.

— ఆవిడ నాకెందుకు చెప్పలేదంటే… నేను చెప్తానా ఎవరికైనా? ఒక భుజం కిందికున్న వాళ్ళు ఎంతమంది వస్తారు నా దగ్గరికి! ‘అమ్మా, నీ భుజం వంకర’ అంటానా? లోపల కాస్త దూది పెట్టి కుడతాను. అద్దంలో తిన్నగా కనిపిస్తారు, సంతోషంగా పోతారు.

— ఎవరెవరంటే? చెప్పను. అది చెప్పకూడదు.

లేదు, మళ్ళీ నేను గీయలేను. అర అంగుళం ఎత్తితే సరిపోదు, ఆవిడ గీత వంపు ఎలా తిరిగిందో గుర్తులేదు. 

చెప్పకపోతే వంకర కుట్టు. చెప్తే ‘మీరు ఇంకా సిద్ధంగా లేరు, ఇంటికెళ్ళి రండి’ అంటే? ఏడాదిన్నరక్కా. ఇంకో ఎండాకాలం ఆ బెల్టు వేసుకోవడం నావల్ల కాదు.

— చెప్పకుండా ఊరుకోమంటావా? నువ్వేనా ఆ మాట అంటోంది? పిల్లలు జవాబు దిద్దుకుంటే సున్నా వేసేదానివి!

… తలుపు చప్పుడు. ఉండు, పెట్టేయకు.

సిస్టర్, ఒక్క నిమిషం… స్ట్రెచర్ బండి తర్వాత ఎక్కుతాను. డాక్టరమ్మగారిని ఓసారి… బయటే ఉన్నారా?

నమస్తే మేడమ్. అది… ఎడమవైపు గీత మీది కాదండీ. నాది.

…

అర అంగుళం దించాను. నేల నుంచి కొలిచి. తప్పేనండీ, ఇప్పుడే తెలిసింది. మీరు కోప్పడండి, కానీ ఈరోజు ఆపకండి.

…

నిలబడాలా? ఇలాగా? … చల్లగా ఉంది. … ఆ కాగితం మీదా? ముందే రాసి పెట్టారా, ‘ఎడమ తుంటి ఎత్తు’ అని?

… చెప్తే నేను బాధపడతాననా.

లేదండీ, మా పనిలోనూ ఇంతే. మేమూ చెప్పం.

… పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. మంచిదండీ. టేపు కూడానా? … తీసుకోండి.

అక్కా! విన్నావా? చేస్తారట. కోప్పడలేదు. నవ్వు మాత్రం ఆపుకుంది, భుజాలు కదిలాయి.

ఎక్కుతున్నా బండి. … వస్తావా? నిజంగా? బడికి సెలవు పెట్టి? … రా. పది రోజులు నేను వంగి నడుస్తుంటే వెనక నవ్వడానికి ఎవరైనా ఉండాలిగా.

ఫోన్ సిస్టర్‌కి ఇవ్వాలి. ఒక్క మాట… నువ్వు నా గౌను సంగతి చెప్పావు కాబట్టి చెప్తున్నా. ఏమీ అనుకోవు కదా?

నీ నీలం కోటు ఉంది చూడు, కుడి భుజం లోపల తడిమి చూడు.

… దూదే.

పన్నెండేళ్ళుగా. అన్నిటికీనే.

… ఎక్కడికెళ్తున్నావు? అక్కా? … బీరువా తలుపు చప్పుడది. అద్దం ఉన్నది దానికే.

ఇదిగో సిస్టర్, పెట్టేయండి. ఇప్పుడప్పుడే అద్దం వదలదు ఆవిడ.