నా చెవి నా ఫోన్లో పెట్టండి

విప్పకండి స్టీఫెన్ గారూ, విప్పకండి! ఆ ఫోన్లో ఏ రోగమూ లేదు. మొన్న సిమ్ము మార్చేరు. తర్వాత స్పీకరు మార్చేరు. ఏమైంది? ఇక్కడ మీ కొట్లో బాగానే పలుకుద్ది. ముక్తేశ్వరంలో మా అరుగు మీదకొచ్చేసరికి నోరు పడిపోద్ది. మా అబ్బాయి ప్రసాదేమో "హలో, హలో" అంటూ వీధంతా తిరగడం, టవరు వాళ్ళని తిట్టుకోవడం!

మీరూ టవరే అంటారా? అయితే ఓ పని చెయ్యండి. మీ ఫోను పట్టుకుని రోడ్డవతలికెళ్ళి దీనికి చెయ్యండి. మెల్లగా ఏదన్నా అనండి. ఆయ్, ఇప్పుడే. వెళ్ళండి మరి!

...వచ్చేరా? చూడండి, ఫోను ఎత్తి బల్ల మీదే పెట్టేను, దగ్గరికి కూడా వంగలేదు. మీరేమన్నారో చెప్పనా? "ఈ మామ్మగారితో చచ్చేచావొచ్చింది" అన్నారు. అయ్యో, సిగ్గెందుకండీ! ఇదిగో, నా చెవిలో మిషను. ఆ ఫోన్లో మాటలన్నీ ఇందులోకొచ్చి పడుతున్నాయి.

కిందటి వేసంగిలో మావాడే కొన్నాడండీ దీన్ని, రాజమండ్రి తీసుకెళ్ళి. అబద్ధమెందుకు, ప్రేమగానే కొన్నాడు. సౌండు పెంచడానికీ తగ్గించడానికీ తన ఫోన్లోనే కలుపుకున్నాడు. అప్పటికి నాది మీటల ఫోను కదా. మొదటిరోజు వాడి గొంతు విని, "ఏరా, ఇంత బొంగురుపోయిందేంట్రా?" అన్నాను. నవ్వేడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

ఆ తర్వాత మర్చిపోయేడు. ఈ సూరమ్మకి వినబడుద్దన్న సంగతే ఇంట్లో అందరూ మర్చిపోయేరు.

ఓ రోజు అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ప్రసాదు ఫోనెత్తేడు. "హలో, హలో" అంటున్నాడు, వాడికేం వినబడట్లేదు. నా చెవిలో మాత్రం బంగారయ్య! తెలీదా? రొయ్యల చెరువులకి భూములు లీజుకి కుదిర్చే ఆయన. "ప్రసాదు గారూ, మీరన్నట్టే చేద్దారి. చెవి మిషను గ్యారంటీ కాగితమని చెప్పి తోట లీజు మీద మీ అమ్మగారితో సంతకం పెట్టించెయ్యండి. ఆవిడకేం వినబడుద్ది, ఏం తెలుస్తుంది?"

మీరన్నట్టే! ఆ ఒక్క ముక్క చాలదుటండీ?

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ కొబ్బరితోట మా నాన్న నాకు పసుపుకుంకాల కింద ఇచ్చేడు. చెట్లు కొట్టేసి ఉప్పునీళ్ళు పెడితే పక్కవాళ్ళ చేలేమవ్వాలి? నూతిలో నీళ్ళు ఎవరు తాగాలి? నన్నడిగుంటే వద్దనేదాన్ని. అది తెలిసే అడగలేదు వాడు.

మర్నాడు కాగితం తెచ్చేడు. పక్కన బంగారయ్య, ఇస్త్రీ చొక్కాతో. వాకిట్లో దింపువాళ్ళు కొబ్బరికాయలు పోగేస్తున్నారు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. "గ్యారంటీయేనమ్మా, చదవక్కర్లేదు" అంటాడు మావాడు.

చదివేనండీ! గొంతెత్తి, వాకిట్లో అందరికీ వినబడేలా చదివేను. "కొబ్బరిచెట్లు తొలగించి" అన్నచోటికి వచ్చేసరికి బంగారయ్య చెప్పులు వెతుక్కుంటున్నాడు. "ఏవండీ, ఇందులో నా చెవెక్కడుందండీ?" అనడిగేను. పెన్ను మూత పెట్టి మావాడి జేబులో పెట్టేను.

అంతటితో అయిపోతే ఈ మిషను వాడి ఫోన్లోనే ఇలాగే ఉంచుకుందును. ఆయ్, ఉంచుకుందును! తప్పేంటండీ? ఇన్నేళ్ళూ నా ఎదురుగానే కూర్చుని, నేను లేనట్టు నా గురించి మాట్లాడుకున్నారే, అది తప్పు కాదా?

కానీ వాడు "ఎవరు చెప్పేరు?" అంటూ పెళ్ళాం మీద పడ్డాడు. మా కోడలు రమణికి పాపం ఈ సంగతే తెలీదు. నువ్వే ఈ కబురు అమ్మకి మోసేవని దాంతో మాటలు మానేసేడు. అది కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తట్లేదు. "నీ ఫోనే నా చెవిలో చెప్పిందిరా" అన్నాను. కోడల్ని వెనకేసుకొస్తున్నావన్నాడు. నేను పడతాను గానీ, ఆ పిల్లెందుకు పడాలండీ?

అందుకే బాగుచేయిస్తానని ఫోను పట్టుకుని బస్సెక్కేను. వాడి ఫోన్లోంచి నా చెవి తీసెయ్యండి. నా ఫోన్లో పెట్టండి. ఇదిగో, రమణి పాతది, నాకే ఇచ్చేసింది.

అయిపోయిందా? ఇంతేనా! మీరు మాత్రం పార్టు మార్చేనని చెప్పకండి వాడికి. నేనే చెప్తాను. రమణికి కలపండి.

మోగుతోంది. ఎంత దగ్గరగా మోగుతోందండీ!

రమణీ, నేనేనమ్మా. మీ ఆయనకివ్వు. ఇవ్వవే, భయమెందుకు?

ప్రసాదూ, కొత్తపేటలో స్టీఫెన్ గారి కొట్లో ఉన్నాను. బంగారయ్య మాట నీ ఫోన్లోంచే నా చెవిలో పడింది. ఈయన కూడా చూసేరు, నమ్మకపోతే అడుగు. ఇంకెప్పుడూ ఆ పిల్ల కంట నీళ్ళు పెట్టించకు. తోట నాది. ఇవ్వను.

...అరవకురా. అరవక్కర్లేదు. నాకు వినబడుతోంది.