చుక్కలు పెంచిన వేలు

నా పేరు జక్కయ్య. వయసు డెబ్బై ఒకటి. ఊరు బెల్లంకొండ. మిరప తోటలకు డ్రిప్ పైపులు బిగించడం నా పని. బడికి పోలేదు. పురుగుమందు డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నాను. అందుకే నేను చదివిన మొదటి మాట ‘విషం’. సంతకం మాత్రం ముత్యాల్లా పెడతాను. మేజిస్ట్రేటు గారు అసలు సంగతికి రమ్మన్నారు, వస్తున్నాను.

నా తమ్ముడు ఆనంద్ బాబు, యాభై ఎనిమిదేళ్లు, షుగరు మనిషి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పన్నెండు రోజులు గొట్టంతో ఊపిరి పీల్చాడు. పన్నెండో రోజు, సోమవారం ఉదయం పది గంటలకు డాక్టరు గోపీనాథ్ గారు రక్తంలోకి ఫంగస్ చేరిందన్నారు.

“మా మిరపకొచ్చేదేనా సార్?”

“దాని చుట్టమే అనుకో పెద్దాయనా. మందు మొదలుపెడుతున్నాం.”

మందు పసుపుపచ్చగా ఉంది. వెలుతురు తగలకుండా సీసాకు నల్ల కవరు తొడిగారు, మేం నారుమడికి నీడ కట్టినట్టు. నర్సు జరీనా మందు గొట్టం మీది చక్రం తిప్పి చుక్కలు నిదానం చేసింది.

“తాతా, ఇది ఆరు గంటలు ఎక్కాల. చెయ్యి పెట్టొద్దు.”

చెప్పింది. నాకే చెప్పింది.

పదకొండుంబావుకు నన్నొక్కణ్ణే లోపలికి పంపారు. నా కళ్లు చుక్కల మీదికే పోయాయి. అంత నిదానంగా పడితే తోటలో మేం పైపు లైను పూడిందంటాం. నిరుడు తెగులు మందు రెండు రోజులు ఆలస్యమై మా పక్కచేను బ్రహ్మం తోట ఎకరన్నర మాడిపోయింది. ఆ గొడవ ఇక్కడెందుకంటే, నాకప్పుడు అదే గుర్తొచ్చింది. బొటనవేలితో చక్రాన్ని పైకి తోశాను. చుక్కలు ధారయ్యాయి. బాగుందనుకున్నాను.

పదకొండూ నలభైకి తమ్ముడికి వణుకు పుట్టింది. మంచం గడగడలాడింది. జరీనా పరుగెత్తుకొచ్చి మందు ఆపింది.

“ఎవరు తిప్పారు? తాతా, నువ్వేనా?”

“నాకేం తెల్సమ్మా?” అన్నాను.

పన్నెండుంబావుకు వాడి గుండె ఆగింది.

బయట తమ్ముడి భార్య, మా మరదలు లీలావతి నా చొక్కా పట్టుకుంది. “ఆ పిల్లే స్పీడు పెట్టి చంపింది. నువ్వు చూశావుగా బావా?”

తల ఊపాను. ఆ ఊపుడు మీదే జరీనాపై కేసు కట్టారు. ఉద్యోగంలోంచి తీసేశారు.

జబ్బుకు పోయాడో, మందు జోరుకు పోయాడో తేల్చలేమని డాక్టరు గారన్నారు. అది తేలినా తేలకున్నా చక్రం తిప్పింది నేను. ఆ పిల్ల వద్దనే చెప్పింది. నాకే చెప్పింది.

నన్నెవరూ బెదిరించలేదు. రాసింది చదివి వినిపించారు, నేను చెప్పిందే ఉంది, అంతా నిజం. సంతకానికి గుమాస్తా గారు పెన్ను ఇస్తే వెనక్కిచ్చి, వేలిముద్ర వేస్తానన్నాను. మగవాళ్లు ఎడమచేతిది వేయాలన్నారు. చక్రం తిప్పింది కుడిది. కుడిదే వేస్తున్నాను.

(జక్కయ్య కుడిచేతి బొటనవేలి ముద్ర)