అగ్గికొండకు కావలి

నువ్వు గూడా అదే మాటంటావా ఈశ్వరమ్మొదినా? ఈ షావలికి ముసలితనంలో ఫోను పిచ్చి పట్టిందని? ఊరంతా అంటాండారు, నువ్వొకతివి అంటే ఎక్కువా. కూచో, ఆ చాప మీద కూచో.

ఇదో, నేను చూసేది ఇదే. అగ్గికొండ. యాడో సముద్రంలో దీవంట. దానికెదురుగా కెమెరా పెట్టినారు. మా కూతురు ఫరీదా పండక్కొచ్చి ఫోన్లో పెట్టిచ్చి పోయింది.

నిప్పు చూసేకి కాదు. నిప్పెవురికి కావాల? అది పగిలేదానికి ముందర చూస్తా. ఆ వీడియో వెనక్కి జరిపి, మళ్ళా వెనక్కి జరిపి. ఇదో, ఈ సందులో రవ్వంత పొగ. ఒగ రాయి దొర్లింది, కనపడిందా? అంతే. గంట సేపటికి కొండ నెత్తి లేచిపోయింది. ఎవుడో ఆ రవ్వంత చూసి లెయ్యండి, పోండి అన్నాడంట. కింద ఊర్లో ఒగ మేక గూడా సావలేదంట. చూసినాడు, చెప్పినాడు. అంతే గదా పని.

ఏమంటివి? రేపా? మీ మరిది కేశవులు బాయిలో దిగుతాడా, పూడిక తీసేకి? వాళ్ళన్న పోయిన బాయిలోనే?

వాణ్ణి ఏమనేది లే. నాలుగు బోర్లేసినాడు, దుమ్మే వచ్చె. కణేకల్లు మాదిరి మనకేమన్నా కాలవుందా.

గట్టు మీద కావలికి నన్ను కూచోమంటావా. నన్నే.

నీకంటే నమ్మకమైనోడు లేడంటావు. పన్నెండేండ్లాయె, లింగప్పన్న దినానికి నాకు అన్నం పెట్టకుండా నువ్వు తినవు. మా ఆయన్ని కాపాడేకి గొంతు పగిలేట్టు అరిచినాడని అందరికీ చెప్పుకుంటివి. ఆ అన్నం నాకు ఎట్లా దిగిందో అడగొద్దు.

గట్టు మీదోనికి ఒగటే పనొదినా. మట్టి రాలితే పైకి రా అనాల. ఇంగో మాట అనకూడదు. మా అబ్బ నాకు నేర్పిచ్చింది అదే.

ఆ పొద్దు నేను చూసినా. పక్క దరిలో, బాయి గోడలో, మట్టి నల్లబడె. రవ్వ రవ్వ జారె. మూడేండ్లు వాన మొగం చూడని కండ్లు ఇవి, ఏమనుకుంటాయి చెప్పు? ఊట పడిందనుకుంటి.

అన్న గూడా చూసినాడు. మోకు పట్టుకున్యాడు. "షావలీ, దరి జారుతాంది, పైకి వచ్చేదా?" అన్నాడు. నన్నే అడిగినాడొదినా.

అరిచినా. ఊరంతా విన్నది ఆ అరుపే. ఏమని అరిచినానో నువ్వు యానాడూ అడగలేదు.

"నీళ్ళన్నా, నీళ్ళు. రావాకు, ఆడే ఉండు. చెంబు దించుతా, నింపి పంపు" అంటి.

నవ్వినాడు. మోకు వదిలేసినాడు. చెంబు సగం దూరం పోయిందో లేదో, దరి కూలె. మూడు దినాలు తవ్వితిమి. చెంబుడు నీళ్ళు గూడా లేవు ఆడ. తడి మట్టే.

ఈ కొండనైతే ఎన్నిసార్లన్నా వెనక్కి జరపొచ్చు. ఆ రాయి దొర్లినప్పుడల్లా పైకి రా అంటాండా, ఈడ కూచోని, ఈ ఫోనుకి. ఊరోళ్ళు పిచ్చంటే అనరా.

లేస్తాండావా. లెయ్ లే. ఇంగ నాకు అన్నం తేవాకు.

కేశవుల్ని దిగొద్దని చెప్పు. వినకపోతే గట్టు మీద నువ్వే కూచో వదినా. తడి కనపడినా సరే, పైకి రమ్మను.