ఓడిపోతే వచ్చేస్తారు

(ఫోన్లో మాటలు. ఇటు బడిలో హెడ్మిస్ట్రెస్. అటు పొరుగూరి ఫుట్‌బాల్ మైదానం గట్టున డ్రిల్లు మాస్టారు.)

"వినపడట్లేదు మాస్టారూ, కాస్త గట్టిగా! ఎంత?"

"రెండు, సున్నా మేడమ్."

"హమ్మయ్య! ఇప్పటికి ప్రాణం కుదుటపడింది. గోల్స్ ఎవరు వేశారు?"

"రెండూ మనవాళ్ళే వేశారు మేడమ్."

"శభాష్!"

"మన గోల్లోనే వేశారు."

"అంటే?"

"అంటే... ఓడిపోతున్నాం మేడమ్."

"ఓడిపోవడమేంటండీ! నిన్నా మొన్నా చక్కగా గెలిచారుగా?"

"గెలిచారు. అప్పటికి తెలీదు కదా."

"ఏం తెలీదు?"

"అబ్బే, ఎండండీ. ఇక్కడ ఎండ మండిపోతోంది."

"ఎండ సంగతి నేనడిగానా? ఇది సెమీఫైనల్ మాస్టారూ. గెలిస్తే రేపు ఫైనల్, అంటే రేపు కూడా అక్కడే ఉంటారు. ఓడిపోతే సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తారు!"

"వచ్చేస్తారు మేడమ్. పిల్లలు కదా, ఇంటికే వస్తారు."

"రేపు పరీక్షండీ! బడులన్నిటికీ ఒకే రోజు, ఒకే పేపరు. ఏడో తరగతి సగటు చూసి బడికి ర్యాంకు ఇస్తారు. మీ పదకొండు మంది వీరులూ వచ్చి బెంచీల్లో కూర్చున్నారంటే నా సగటు ఏం కావాలి?"

"కాస్త మెల్లిగా మేడమ్, స్పీకర్లో ఉంది."

"తీసెయ్యండి!"

"తీసేశా."

"ఎవరైనా విన్నారా?"

"కొత్తగా వినేదేముంది లెండి."

"ఏమన్నారు?"

"ఏం లేదు మేడమ్. నేనూ ఒక మాట అడగాలనుకుంటున్నా. ఏడాది పొడుగునా నా ఆటల పీరియడ్ తీసేసి లెక్కలకి ఇచ్చారు. బంతి ఇమ్మంటే స్టోర్ రూము తాళం కనపడట్లేదన్నారు. ఈ నెలలో ఉన్నట్టుండి జట్టన్నారు, కొత్త బూట్లన్నారు, గేటుకి బ్యానరు కట్టించారు. మన బడిలో ఆటలకి మంచిరోజులొచ్చాయని ఇంటికెళ్ళి మా ఆవిడతో గొప్పలు కూడా చెప్పుకున్నాను. జట్టులో ఎవరెవరుండాలో మీరే చెప్పారు. మార్కులు కింద నుంచి పైకి లెక్కపెట్టి చెప్పారని నాకేం తెలుసు!"

"అయితే ఏం? గెలుస్తున్నారుగా!"

"గెలవరా మరి? ఏడాదంతా తరగతి బయట నిలబెడితిరి. బయట ఉన్నది మైదానమే కదా."

"వెటకారం తర్వాత. ముందు చెప్పండి, పిల్లలకి ఏం తెలిసింది? ఎవరు చెప్పారు? మీరేనా?"

"నేనెందుకు చెప్తానండీ. మీరే చెప్పారు."

"నేనా!"

"పొద్దున రెండు వాయిస్ మెసేజ్‌లు పంపారు కదా. పిల్లలందరికీ వినిపించండి, ఉత్సాహం వస్తుంది అన్నారు. టిఫిన్ దగ్గర అందర్నీ కూర్చోబెట్టి వినిపించాను. మొదటిది బావుంది. విజయం మనదే, బడి మీవెంట ఉంది, అదీ ఇదీ. చప్పట్లు కొట్టారు."

"రెండోది మీకు మాత్రమే మాస్టారూ!"

"ఆ మాట మెసేజ్ చివర్లో అన్నారు మేడమ్. 'ఇది మాత్రం పిల్లల చెవిన పడనివ్వకండి' అని. చివరిదాకా వింటే గానీ తెలీలేదు."

"అయ్యయ్యో... మొత్తం విన్నారా?"

"మొత్తం. 'మన బరువంతా మైదానానికి పంపేశాను, ఇక సగటు గాల్లో తేలుతుంది' అన్నది మళ్ళీ ఒకసారి పెట్టమన్నారు."

"పెట్టారా?"

"పిల్లలు అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూళ్ళేదు మేడమ్."

"నా కొంప ముంచారు కదండీ! పోనీ, ఆ గోల్‌కీపర్... ఆ అమ్మాయి కూడా విందా?"

"ముందు వరసలో కూర్చుంది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ప్లేటు పక్కన పెట్టేసింది."

"తినలేదా? మధ్యాహ్నమైనా తిందా? ఎండలో టోపీ పెట్టుకుందా లేదా? దానికి ఎండ పడదు."

"మిగతా పదిమంది సంగతి అడగలేదు మేడమ్ మీరు."

"అందరి గురించే అడుగుతున్నా! సరే, అదేంటి, విజిలా?"

"విజిలే. సగం ఆట అయిపోయింది. గట్టు మీదకి వస్తున్నారు."

"ఫోన్ వీడియోలో పెట్టండి, నేను చూస్తా. ఆఁ, కనపడుతోంది. అదేంటండీ, మనవాళ్ళ కాళ్ళకి బూట్లేవి? ఆ కొత్త బూట్లు అవతలి జట్టు వేసుకుందేంటి!"

"అది మన బిజినెస్ గాడిని అడగాలి మేడమ్. వీడే, పక్కనే ఉన్నాడు. ఒరేయ్, మేడమ్ అడుగుతున్నారు, చెప్పు."

"నమస్తే మేడమ్."

"నువ్వా! చిన్న వ్యాపారవేత్తల పోటీలో నీకు నా చేత్తో కప్పు ఇచ్చాను కదరా!"

"అవును మేడమ్. ఇంట్లో టీవీ మీద పెట్టాం."

"ఆ బూట్లు అమ్మేశావా?"

"ఛ ఛ, బడి బూట్లు ఎలా అమ్ముతాను మేడమ్. అద్దెకిచ్చాం."

"అద్దెకా? ఎంతకి?"

"డబ్బులు కాదు మేడమ్. ఓటమికి."

"ఏంటీ?"

"కప్పు ఇచ్చిన రోజు మీరే చెప్పారు కదా మేడమ్. ఎదుటివాడికి ఏం కావాలో కనుక్కో, అది వాడికివ్వు, నీకు కావాల్సింది తీసుకో, అదే వ్యాపారం అని. వెళ్ళి కనుక్కున్నాను. వాళ్ళకి రేపటి పరీక్ష తప్పించుకోవాలని ఉంది. మాకు రాయాలని ఉంది. అంటే వాళ్ళకి గెలుపు కావాలి, మాకు బస్సు కావాలి. వాళ్ళకి బూట్లు కూడా లేవు పాపం. ఇచ్చేశాం."

"మరి గోల్స్ మీరే వేసుకోవడమేంట్రా?"

"వాళ్ళ వల్ల కావట్లేదు మేడమ్. బూట్లు కొత్తవి కదా, కరుస్తున్నాయట. గోల్‌కీపర్ పక్కకి తప్పుకుని దారిచ్చినా బయటికే కొడుతున్నారు. ఒప్పుకున్నాక మాట తప్పకూడదని మేమే వేసి పెడుతున్నాం."

"ఒరేయ్, పరువు పోతుందిరా! మాస్టారూ, ఆ అవతలి జట్టు మాస్టారితో నేను మాట్లాడతాను, ఇవ్వండి."

"ఆయన ఫోన్లో ఉన్నారు మేడమ్. వాళ్ళ హెడ్మాస్టారితో."

"ఏం మాట్లాడుతున్నారు?"

"ఇటు పక్కకి కూడా వినపడుతోంది. ఎలాగైనా గెలిపించండి, రేపు ఒక్కడు కూడా బడిలో కనపడకూడదు అంటున్నారు."

"అంటే వాళ్ళు కూడా...?"

"వాళ్ళదీ మనలాంటి జట్టే మేడమ్."

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ప్రాంతంలో మూడో స్థానంలో ఉన్నాం. ఈ ఒక్కసారి మొదటి స్థానం వస్తే కొత్త భవనం శాంక్షన్ అవుతుంది. పై అంతస్తులో పెద్ద లైబ్రరీ పెట్టిస్తా. పిల్లల కోసమే కదండీ ఇదంతా!"

"ఏ పిల్లల కోసం మేడమ్?"

"ఇప్పుడు మీరు కూడా మొదలెట్టకండి. వాళ్ళకి నచ్చజెప్పండి. గెలిస్తే పిక్నిక్ తీసుకెళ్తానని చెప్పండి."

"గోల్‌కీపర్ మీతో మాట్లాడతానంటోంది."

"వద్దు! ఇప్పుడొద్దు. నేను మీటింగులో ఉన్నానని చెప్పండి."

"వింటూనే ఉంది మేడమ్. ఇదిగో, తీసేసుకుంది."

"గుడ్ ఆఫ్టర్నూన్ మేడమ్. గోల్‌కీపర్ని."

"ఏంటిది? గోల్ వదిలేసి పక్కన నిలబడతావా? సిగ్గులేదూ?"

"ఉంది మేడమ్. పొద్దున మెసేజ్ విన్నప్పుడు వేసింది."

"అది... అది పెద్దవాళ్ళు మాట్లాడుకునే మాట. మీకర్థం కాదు. పరీక్ష రాయక్కర్లేదంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మీకేమొచ్చింది?"

"రాయనివాళ్ళందర్నీ వచ్చే ఏడు ఆటల సెక్షన్లో వేస్తారట కదా మేడమ్. ఆ సెక్షన్‌కి లెక్కల టీచరే ఉండరట. మెసేజ్‌లో మీరే అన్నారు. ఎలాగూ రాని లెక్కలకి టీచరు దండగ అని."

"ఏదో మాటవరసకి అన్నాను."

"నాకు భిన్నాలు వచ్చాయి మేడమ్."

"ఎవరు నేర్పారు?"

"బిజినెస్ గాడు. వాటాలు ఎలా పంచాలో చెప్పాడు. బస్సులో చెప్పాడు, నిన్న రాత్రి బసలో కూడా చెప్పాడు. మా జట్టంతా నేర్చుకుంది. మనం గెలిచి ఫైనల్‌కి వెళ్తే అవన్నీ ఎక్కడ రాయాలి?"

"ఎన్ని మార్కులొస్తాయి నీకు? ఆఁ? నిజం చెప్పు, ఎన్నొస్తాయి?"

"తెలీదు మేడమ్."

"చూశావా మరి!"

"అదే తెలుసుకోవాలనుంది. తక్కువొస్తే తక్కువే రానివ్వండి. నావే కదా."

"ముందు ఆ టోపీ పెట్టుకో."

"విజిల్ వేస్తున్నారు, వెళ్ళాలి. ఇంకో గోలు వేసేస్తే ఇక భయం లేదంటున్నారు మావాళ్ళు. మాస్టారు కూడా ఇప్పుడే బస్సు డ్రైవరుకి చెప్పి వచ్చారు."

"ఆయన... చెప్పేశారా?"

"చెప్పేశారు. మేడమ్‌తో మాట్లాడాల్సింది ఇంతే. ఇక అమ్మకి చెప్తున్నా. రాత్రికి వచ్చేస్తాను, తలుపు గడియ పెట్టుకోకు. రేపు పొద్దున మాత్రం ఎవరైనా చూస్తారని నన్ను సందు చివర దించెయ్యకమ్మా, గేటు లోపలిదాకా నీ స్కూటర్ మీదే తీసుకెళ్ళు."