పిల్లికి కొమ్ములొచ్చాయి

అక్క రాసిన పిల్లల పాటల పుస్తకం ఇవాళ అచ్చుకెక్కాలి. అందులో అక్షరాలు చెల్లెలు గీసిన ఫాంటువి, ఆమె మొట్టమొదటి ఫాంటు. అక్క ప్రెస్సులో, చెల్లెలు ఇంట్లో. మధ్యలో ఫోను.

"నవ్వకే! ఇక్కడ నా ప్రాణం పోతుంటే!"

"నవ్వట్లేదక్కా. మళ్లీ చెప్పు, పాటలో పిల్లికేమైందీ?"

"కొమ్ములొచ్చాయి! పై లైనులో ఒత్తులన్నీ జారి కింద లైనులో 'పిల్లి' అన్న మాట గుడుల నెత్తిన కూర్చున్నాయి."

"నా దగ్గర శుభ్రంగా ఉందే!"

"నా ల్యాప్‌టాప్‌లో అయితే లైనుకీ లైనుకీ మధ్య మంచం వేసుకుని పడుకోవచ్చు. ప్రెస్సు కంప్యూటర్లో కొమ్ములు. ఒకే ఫాంటు, మూడు చోట్ల మూడు వేషాలు!"

"ప్రెస్సాయన ఏమన్నాడు?"

"ఏమంటాడు, టీ తాగమన్నాడు."

"అక్కా."

"...వేరే ఫాంటు పెట్టేద్దామన్నాడు."

"అయ్యో. నువ్వేమన్నావ్?"

"నేనా? నేనేం... ఇక్కడ ఫ్యాను భలే చప్పుడు చేస్తోందే."

"ఏమన్నావక్కా!"

"ఆ ఫాంటు తీసేస్తే పుస్తకమే వద్దన్నాను."

"పిచ్చా నీకు?"

"ఆఁ, పిచ్చే. గంట టైమిచ్చాడు. ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

"ఉండు, ఉండు, ఫాంటు తెరిచా... అమ్మ బాబోయ్."

"ఏంటే?"

"అక్షరం ఎత్తెంత, లోతెంత అని ఫాంటులో మూడు చోట్ల రాయాలి. ఒక్కో సాఫ్ట్‌వేరు ఒక్కో చోట చూసుకుంటుంది. నేను మూడు చోట్లా..."

"మూడు చోట్లా?"

"మూడు లెక్కలు రాశా."

"ముగ్గురు చుట్టాలకి మూడు అబద్ధాలు చెప్పినట్టా!"

"అచ్చం అలాగే! ఒక్క నిమిషం. మూడింటికీ ఒకే మాట చెప్పేస్తున్నా. లోతు కాస్త పెంచా, ఒత్తులకి కాళ్లు చాపుకునే చోటుండాలిగా. పంపించా, చూడు."

"చూశా. కొమ్ములు అలాగే ఉన్నాయ్."

"పాత ఫాంటు తీసేశావా?"

"తీసెయ్యాలా?"

"అక్కా!"

"అరవకే, తీస్తున్నా. ఏమండీ, ఒక్కసారి జరగండి... మీ కుర్చీ కాదండీ, మీరు... ఆఁ, తీసేశా. ప్రోగ్రాం మూసి తెరుస్తున్నా. తిరుగుతోంది... తిరుగుతోంది..."

"చెప్పక్కా బాబూ!"

"పోయాయ్! కొమ్ములు పోయాయే! పిల్లి పిల్లిలా ఉంది!"

"ల్యాప్‌టాప్‌లో?"

"అందులోనూ అంతే! మంచం కాదు కదా, చాప కూడా పట్టదు! ప్రెస్సాయన తలూపుతున్నాడు!"

"నేను ఎగురుతున్నానక్కా! నిజంగా! సోఫా మీద!"

"దిగు, పడతావ్. ఇదిగో, మొదటి పేజీ ఒకటుంది, నీకు చూపించలేదు. ఇప్పుడే నీ కొత్త ఫాంటులో పెట్టా. ఫోటో పంపుతున్నా."

"వచ్చింది. అబ్బ! 'న్న' ఒత్తు ఎంత హాయిగా దిగిందో చూడు, కింద గుడికి తగల్లేదు!"

"చదివావా?"

"చదువుతున్నాగా. పైనా కిందా ఖాళీ సమానంగా ఉంది, ఎడమవైపు కూడా..."

"ఖాళీలు కాదే పిచ్చిమొహమా! అక్షరాలు చదువు. పైకి."

"సరే, సరే. 'ఈ పాటలు, నా కడుపులో ఉన్న చిన్నారికి. ఈ అక్షరాలు నీకోసం మీ పిన్ని...' అక్కా! పిన్నంటే నేనేగా?"